వెనక బెంచీ నుంచి అడిగిన ప్రశ్న

విజయవాడ,
12 జూన్ 2025

అక్కా,

ఈ వారమంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను. నువ్వు ఎత్తవు. కాసేపాగి 'క్లాసుల ఉన్న' అని మెసేజ్ పెడతావు. ఆదివారం, చర్చి అయిపోయాక కూడా క్లాసేనా? సరే, ఫోన్లో దొరకని మనిషికి మెయిలే దిక్కని కూర్చున్నాను.

మంచి కబురు ఒకటుంది. మన కాలేజీ విజయవాడ క్యాంపస్‌లో నేను నడుపుతున్న అధ్యాపకుల శిక్షణ ఉంది కదా, దాన్ని ఇప్పుడు మీ పంజాగుట్ట క్యాంపస్‌లో కూడా మొదలుపెడుతున్నారు. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, ఆఫీసు సిబ్బందికి కూడా. అక్కడ నడిపేది కేదార్ అనే అతను. నాకు బాగా తెలుసు, నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడం ఎరగడు. మొదటి బ్యాచ్‌కి ఎవరైనా మంచి అధ్యాపకుల పేర్లు చెప్పమని నన్నడిగితే, ఆలోచించకుండా నీ పేరు చెప్పాను.

యూసుఫ్‌గూడలో ఆ ఒక్క గదిలో నాకు రాత్రీ పగలూ బోటనీ నూరిపోసింది నువ్వు. నేను ఈ ఉద్యోగంలో వాడే ప్రతి చిట్కా నీ దగ్గర దొంగిలించిందే. కానీ నీకన్నా చిన్నవాళ్లు శాఖాధిపతులయ్యారు. ఈ శిక్షణ తీసుకున్నవాళ్లకే ఇక మీద ఆ పదవి ఇస్తారంటున్నారు. ఈసారైనా నీకు రావాలి.

గుండ్రంగా కుర్చీలు వేసుకుని మాట్లాడుకోవడం, ఒకరి అనుభవం ఒకరు వినడం, అంతే. చివర్లో ఒకరోజు కేదార్ వాళ్లు నీ క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. నీ మరదలు కరుణశ్రీ నీకోసం మాగాయ దాచిపెట్టింది. ఫోన్ ఎత్తితే ఎలా పంపాలో చెబుతుంది.

నీ తమ్ముడు,
నోయెల్


అమీర్‌పేట,
15 జూన్

నోయెల్,

ఎవర్ని అడిగి ఇచ్చినవ్ నా పేరు?

నిన్న నోటీసు వచ్చింది. స్టాఫ్‌రూముల అందరు నా దిక్కే చూసుడు. "మేడమ్, మీరు ఇరవై ఏండ్ల సంది చెప్తున్నరు, మీకు పాఠం చెప్పుడు నేర్పుతరంటనా?" అని ఒకాయన నవ్విండు. నాతోని అదే జాబితాల ఇంకో ఆమె ఉన్నది, పరీక్షల విభాగంల పనిచేస్తది, ఛాయాదేవి. రాజమండ్రి మనిషి. ఆమెకు రెండు రోజుల సంది అన్నం సయిస్తలేదు. "ఏంటండీ ఇది, తప్పు చేసినోళ్లనే ముందు పిలుస్తారంట కదా" అని నా చెయ్యి పట్టుకుంది.

నాకు శాఖాధిపతి కుర్చీ వద్దు. నల్లబల్ల కాడ నిలబడి, పిల్లల మొఖాలు చూసుకుంట పాఠం చెప్పుకోనియ్యి, చాలు. నా పేరు తీసేయమని ఆ కేదార్‌కు చెప్పు.

ఫోన్లు చెయ్యకు. మెట్రో మీదికెళ్లి పోతుంటది, కింద కోచింగ్ సెంటర్లోల్లు పాంప్లెట్లు పట్టుకుని అరుస్తుంటరు, ఇంట్ల ఏం వినపడదు. ఏదున్నా రాయి.

మాగాయ బస్సుకు వెయ్యి. కరుణకు దీవెనలు.

అక్క


విజయవాడ,
29 జూన్

అక్కా,

పేరు తీయించడం నా చేతుల్లో లేదు. అడిగాను. జాబితా పెద్దాఫీసుకి వెళ్లిపోయిందన్నారు.

కానీ నిన్న కేదార్ ఫోన్ చేసి ఒక సంగతి చెప్పాడు. మొదటివారం నుంచీ నువ్వు ఎవరితోనూ కలవడం లేదట. ఎవరైనా మాట్లాడుతుంటే మొహం గంటు పెట్టుకుని వాళ్లనే గుచ్చి చూస్తావట. శుక్రవారం కేదార్ "మీ క్లాసులో వెనకబడిన పిల్లల్ని మీరేం చేస్తారు మేడమ్?" అని అడిగితే, "లేపి బయటికి పంపిస్త" అన్నావట. అందరూ బిక్కచచ్చిపోయారట. ఒకరిద్దరు నవ్వితే నువ్వు బ్యాగు తీసుకుని వెళ్లిపోయావట.

ఇది నువ్వేనా? ఫెయిలైన పిల్లల్ని ఇంటికి పిలిచి, టీ పోసి మరీ చదివించిన మనిషివి. శిక్షణ అంటే అంత అలుసా? ఇక్కడ మా బ్యాచ్‌లో హాస్టల్ ఆఫీసు చూసే బుచ్చమ్మగారని ఉంది. పిల్లల ముందు నాలుగు మాటలు మాట్లాడాలంటే వణికిపోయేది. మొన్న మైకు పట్టుకుని మాట్లాడింది. దిగొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను చేసే పని ఇది అక్కా. నీకు చిన్నదిగా కనిపించొచ్చు.

ఇంకో మాట. చెప్పకుండా ఉండలేను. ఈ బ్యాచ్ నివేదికలు ఈసారి కాంట్రాక్టు పొడిగించే కమిటీకి కూడా వెళ్తాయట. మొన్ననే తెలిసింది. నీ పేరు ఇచ్చినప్పుడు ఈ సంగతి లేదు. అందుకే అంటున్నాను, వచ్చే నెల పద్దెనిమిదిన వాళ్లు నీ క్లాసుకు వచ్చినప్పుడైనా కాస్త సౌమ్యంగా ఉండు.

నోయెల్


అమీర్‌పేట,
2 జులై

నోయెల్‌కు,

మొన్ననే తెలిసిందా నీకు? శిక్షణ నీది, కుర్చీలు నువ్వే గుండ్రంగ ఏపిస్తివి, నివేదిక ఎట్ల రాయాల్నో నువ్వే నేర్పిస్తివి. అది ఎవరి చేతిలకు పోతదో నీకు తెల్వదంటే ఎవరు నమ్మాలె?

బయటికి పంపిస్త అన్న. అయితే ఏంది? అన్న మాట అన్నట్టే రాసుకోమను.

ఛాయాదేవి ముందే చెప్పింది. "మొదటి జాబితా అంటే తీసేసేవాళ్ల జాబితా అనుకుంటున్నారండీ అందరూ" అని. నేనే ఆమెను కోప్పడ్డ. మా తమ్ముడు ఉన్నడు అండ్ల, గట్లాంటిదేం కాదని చెప్పిన. ఇప్పుడు ఆమె మొఖం ఎట్ల చూడాలె?

నువ్వు నాకు తమ్మునివా, వాళ్ల మనిషివా, ముందు అది తేల్చుకో. 'సౌమ్యంగా ఉండు' అంటున్నవ్. నీకు రాసుడు నేర్పిన దాన్ని నేను. నాకు నడవడి నేర్పేటంత పెద్దగైనవ్.

పద్దెనిమిదో తారీకు నువ్వు గానీ వెనక బెంచీల వచ్చి కూసుంటే, నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి ఎల్లిపోత. ఇగ రాయకు.

ఇవాంజెలిన్


విజయవాడ,
7 జులై

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఆపేస్తాను.

నిన్న ఆదివారం నేను హైదరాబాద్ వచ్చాను. నీతో ఎదురుగా కూర్చుని మాట్లాడదామని, వేరే ఏ పనీ లేదు. మధ్యాహ్నం నీ ఇంటి ముందు నిలబడ్డాను. గంట కొట్టాను. కిటికీ తెరిచే ఉంది. నువ్వు అటు తిరిగి కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నావు. ఎర్ర పెన్ను కూడా కనబడుతోంది నాకు. "అక్కా" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. తలుపు బాదాను. పైవాటా వజ్రమ్మగారు మెట్ల మీంచి తొంగిచూసి "ఇంట్లనే ఉన్నది బిడ్డా, గట్టిగ పిలువు" అంది. ఆవిడ ముందు నా పరువు పోయింది. పోనీ. నువ్వు ఒక్కసారి తలతిప్పి 'పోరా' అన్నా పోయేవాడిని. నువ్వు పేపరు మడిచి, ఇంకో పేపరు తీసుకున్నావు.

అమ్మ పోయినప్పటి నుంచీ నాకు నువ్వే అమ్మవి. నా మీద కోపం ఉండొచ్చు. కానీ నేను మనిషినే కానట్టు కూర్చోగలవని అనుకోలేదు.

కాగడా పెట్టి వెతికినా నీకు ద్రోహం చేయాలన్న ఆలోచన నాలో దొరకదు. పద్దెనిమిదిన నేను రావడం లేదు. కేదార్‌కి చెప్పేశాను. నీ గురించి నన్నేమీ అడగొద్దని కూడా చెప్పాను.

కరుణకి ఈ సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నోయెల్


అమీర్‌పేట,
8 జులై

నా తండ్రీ,

నువ్వొచ్చినవా?

నీ మెయిల్ చదివి వజ్రమ్మ దగ్గరికి ఉరికిన. "మీ తమ్ముడు మస్తుసేపు నిలబడ్డడమ్మా, కండ్లు తుడుసుకుంట పోయిండు" అన్నది. నేను ఆమె పెదవుల దిక్కు చూసుకుంటనే ఉన్న. పెదవులు చూస్తెనే నాకు మాట తెలుస్తది నోయెల్. నాకు వినపడదు.

చెప్పేసిన.

రెండేండ్ల కింద ఎడమ చెవి పోయింది. జలుబనుకున్న. తర్వాత కుడిది సుత మందగించింది. ఎర్రమంజిల్‌ల ఒక డాక్టరమ్మకు చూపించుకున్న. లోపలి నరం ఎండిపోతుందంట, ఆపరేషన్‌తోని వచ్చేది కాదంట. చెవి మిషన్లు ఇచ్చింది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే మిషన్ల గరగర తప్ప ఏం ఉండదు. ఫోన్ల అయితే నీ గొంతు నీళ్లల్ల మునిగినట్టు వస్తది. అందుకే ఎత్తలే. ఇంట్ల మిషన్లు తీసి పెడత, ఎవరొస్తరు అనుకుంట. నువ్వొచ్చినవ్.

కేదార్ మంచోడే కావొచ్చు. గానీ అంత మెత్తగ మాట్లాడ్తడు, మీసాల కింద పెదవులు కదలవు. గుండ్రంగ కుర్చీలేస్తే పక్కనోళ్ల మొఖాలు నాకు కనపడవు. ఎవరు మాట్లాడుతున్నరో ఎతుక్కునేసరికి మాట అయిపోతది. ఆ రోజు అతను అడిగింది నాకు 'వెనక బెంచీల అల్లరి చేసేటోళ్లు' అన్నట్టు అనిపించింది. నవ్వులాటకు బయటికి పంపిస్త అన్న. అందరి మొఖాలు మారిపోయినయి. ఏం తప్పన్ననో నాకు తెల్వలే. నీ ఉత్తరం చూసినంక తెలిసింది, అతను అడిగింది వెనకబడ్డ పిల్లల గురించి అని. ఆ రాత్రంత నిద్ర పట్టలే. అయినా నీకు నిజం చెప్పలే. చెప్తే నువ్వు జాలిపడి ఎవరికో చెప్తవని భయం.

క్లాసుల నాకు ఇబ్బంది లేదు. అడగాల్నంటె ముంగటికొచ్చి, నా మొఖం చూసి అడగాలని పెట్టిన. ముందు బెంచీల సంహిత అని ఒక పిల్ల ఉన్నది. వెనకకెళ్లి ఎవరన్న అడిగితే నా దిక్కు తిరిగి మల్ల చెప్తది. ఆ పిల్లకు నేనేం చెప్పలే, తనకు తనే మొదలుపెట్టింది.

ఎవరికీ చెప్పకు. కేదార్‌కు అస్సలు చెప్పకు. కమిటీకి తెలిస్తే 'పాపం' అని ఇంటికి పంపిస్తరు. పాఠం తప్ప నాకు ఇంకేం వచ్చురా? మాటియ్యి.

నిన్ను వాకిట్ల నిలబెట్టినందుకు ఎట్ల ఏడ్సాల్నో తెలుస్తలేదు.

అక్క


విజయవాడ,
9 జులై

అక్కా,

ఆఫీసులో కూర్చుని చదివాను. లేచి బాత్రూములోకి వెళ్లి తలుపేసుకున్నాను.

రెండేళ్లు ఒక్కదానివే మోశావా? నేను ఫోన్ చేసి 'పలకవేం' అని నిష్ఠూరమాడుతుంటే, అవతల నువ్వు ఆ ఫోన్ పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నావన్నమాట.

మాటిస్తున్నాను. ఎవరికీ చెప్పను. కానీ నా మాటా విను. నువ్వు చెప్పకపోతే వాళ్లు రాసేది 'వినపడదు' అని కాదు, 'పొగరు' అని. కేదార్ కాగితం మీద ఇప్పటికే ఆ మాట ఉంది, అతను నాకు పంపిన కాపీలో చూశాను. వినపడనివాళ్లని ఆ కారణంతో తీసేయకూడదని చట్టం ఉంది. పొగరుబోతుల్ని కాపాడే చట్టం ఏదీ లేదు.

అడగొద్దన్నా కేదార్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. 'మీ అక్కగారికి ఏమైనా ఇబ్బందా?' అంటాడు. పంటి బిగువున ఊరుకుంటున్నాను. ఒక్క మాటతో అతని అభిప్రాయం మార్చగలను. ఆ మాట నీది కాబట్టి నోరు మూసుకున్నాను.

నువ్వే చెప్పు అక్కా. నీ నోటితో.

నోయెల్


అమీర్‌పేట,
19 జులై

తమ్ముడూ,

నిన్న క్లాసు అయింది. జరిగింది జరిగినట్టు రాస్త.

కేదార్, ఇంకో ఇద్దరు వచ్చి ఆఖరి బెంచీల కూసున్నరు. పొద్దుగాల పంజాగుట్టల వాన పడి పిల్లలు సగం తడిసి వచ్చిన్రు. ఫ్యాన్లన్ని పెట్టిన్రు. ఫ్యాను తిరిగితే నాకు ఆ చప్పుడు తప్ప ఏం ఉండదు. బంద్ చెయ్యమని ఎట్ల అడగాలె? ఆకుల మీద పత్రరంధ్రాలు ఎట్ల తెరుచుకుంటయి, ఎట్ల మూసుకుంటయి, అది పాఠం. బొమ్మ ఏసి మొదలుపెట్టినంక భయం కొంచెం తగ్గింది.

సగంల కేదార్ చెయ్యి ఎత్తిండు. ఏదో అడిగిండు. సంహిత ఎప్పటి లెక్క నా దిక్కు తిరిగి "మేడమ్, రాత్రి పూట..." అనబోయింది. కేదార్ లేచి నిలబడి చెయ్యి చూపించిండు. ఈసారి గట్టిగనే అన్నడు, అందుకే పెదవులు కనపడ్డయి. "నువ్వు కూర్చోమ్మా. నేను మేడమ్‌ని అడుగుతున్నాను."

ఆ పిల్ల కూసోలే. నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది. క్లాసంత నన్నే చూస్తుంది. ఏదో ఒక జవాబు చెప్పి తప్పించుకుందామనిపించింది. రెండేండ్ల సంది గదే పని కదా. కానీ మొన్న నవ్వులాటకు చెప్పిన జవాబు ఎక్కడిదాక పోయిందో యాదికొచ్చింది.

చాక్‌పీసు కింద పెట్టిన. "కేదార్ గారూ, మీరు అడిగింది నాకు వినపడలే. నాకు చెవులు వినపడవు. రెండేండ్లాయె. ముంగటికొచ్చి అడగండి, చెప్త" అన్న.

పిల్లల మొఖాలల్ల ఒక్కరు సుత ఆశ్చర్యపోలే నోయెల్. వాళ్లకు ఎన్నడో తెలుసు. నేనే వాళ్ల ముంగట వినపడ్డట్టు నటిస్తున్న.

కేదార్ తెల్లబోయిండు. నడుచుకుంట ముంగటికొచ్చి, నా ఎదురుంగ నిలబడి, మెల్లగ అడిగిండు: "రాత్రిపూట రంధ్రాలు మూసుకుంటే మొక్క ఊపిరెలా తీసుకుంటుంది?" మంచి ప్రశ్న. చెప్పిన. గంట అయిపోయిందాక చెప్పిన.

పోయేటప్పుడు అతను "ముందే చెప్తే బాగుండేది మేడమ్" అన్నడు. "చెప్తే ఏం రాసేటోరు?" అని అడిగిన. చూసింది చూసినట్టు రాస్త అని మాత్రం అన్నడు. అట్ల రాస్తే చాలో, నా కొంప మునుగుతదో తెల్వదు. ఈ నెలాఖరుకు కమిటీ పిలుస్తదంట.

మనసు తేలికైంది, భయం మాత్రం అట్లనే ఉన్నది.

అక్క


అమీర్‌పేట,
2 ఆగస్టు

నోయెల్,

కమిటీ అయిపోయింది. ఆగమాగం చెయ్యకుండ మొత్తం చదువు.

మా బ్యాచ్ మొత్తాన్ని వరండాల బెంచీల మీద కూసోబెట్టిన్రు. ముందు కంప్యూటర్ లాబ్ రాజనర్సయ్యను పిలిచిన్రు. జర సేపట్లనే బయటికొచ్చిండు, మొఖం తెల్లగైంది. ఏమడిగిన్రు అని అడిగిన. "ఆ మాటలు నా నోటితోని అనలేను మేడమ్" అని మెట్లు దిగి పోయిండు. ఆయన కాంట్రాక్టు పోయిందని తర్వాత తెలిసింది.

తర్వాత నేను. నలుగురున్నరు. కేదార్ నివేదిక వాళ్ల ముంగట ఉన్నది. నడిమిట్ల కూసున్న పెద్దమనిషి నన్ను చూడకుండ పక్కాయనతోని ఏదో అన్నడు. పక్కకెళ్లి పెదవులు సగమే కనపడ్డయి. 'చెవిటామెతో పాఠాలేంటి' అన్నట్టు అనిపించింది. అదే అన్నడో కాదో. సగం విని జవాబు చెప్పుడు ఇగ నాతోని కాదు.

"సార్, మీ ప్రశ్న కాగితం మీద రాసియ్యండి. చదివి జవాబు చెప్త" అన్న.

ఆయన నవ్వి పెన్ను తీసిండు. రెండు మాటలు రాసి ఆగిండు. కొట్టేసిండు. మల్ల మొదలుపెట్టిండు, మల్ల ఆగిండు. ఆ కాగితం చింపి జేబుల పెట్టుకున్నడు. నోటితోని గాలిల వదిలేసే మాటను రాసి ఇంకో మనిషి చేతిల పెట్టాలంటె ఆయనకు చెయ్యి రాలే. అవతలున్న ఒకామె కాగితం లాక్కుని రాసింది: "మీ పిల్లలు మిమ్మల్ని ఎలా అడుగుతారు? మేం ఏం ఏర్పాటు చేస్తే మీకు సులువు?" దానికి మస్తుసేపు జవాబు చెప్పిన. ఫ్యాన్ల సంగతి, బెంచీల సంగతి, మాటలు తెర మీద అక్షరాలుగ పడే మిషన్ సంగతి.

బయటికొచ్చి ఛాయాదేవికి చెప్పిన. తర్వాత ఆమెదే వంతు. ఆమె లోపలికి పోయి ఏమన్నదో తెలుసా? "నాకు చెవులు బానే ఉన్నాయండీ. అయినా నాక్కూడా రాసివ్వండి." అన్నం సయించని మనిషి! ఆమె ఎనక పోయినోళ్లందరు అట్లనే అడిగిన్రంట. మధ్యాహ్నానికి ఆ పెద్దమనిషి తలనొప్పని లేచి పోయిండు.

నిన్న కాగితాలు వచ్చినయి. నాకు ఒక్క సంవత్సరమే పొడిగించిన్రు. ఛాయాదేవికి సుత ఒక్క సంవత్సరం. శాఖాధిపతి సంగతి ఎవరు ఎత్తలే. నాకు ఫికర్ లేదు. రాజనర్సయ్య ముందు పోయిండు, ఆయనకు అడగాల్నని తోచలే. గదొక్కటి ముల్లు లెక్క గుచ్చుకుంటుంది. ఆయన కోసం మేమందరం సంతకాలు చేసి రాస్తున్నం.

నీ బ్యాచ్ నివేదికలు ఇంకా పంపలేదనుకుంట. పంపే ముందు ఒక్కసారి ఆగి చూస్కో. నీకు చెప్పేటంతదాన్ని కాదు. చూస్కో, అంతే.

అక్క


విజయవాడ,
7 ఆగస్టు

అక్కా,

నివేదికలు పంపలేదు. పంపను.

బుచ్చమ్మగారి కాగితం మీద నేనే రాశాను: 'మొదట్లో మాట్లాడడానికి భయపడేది'. ఆమె ఎదిగిందని చూపించడానికి రాశాను. కమిటీ చేతిలో ఆ మొదటి ముక్కే మిగులుతుంది. నా ముందు భయం ఒప్పుకున్నవాళ్లంతా నన్ను నమ్మి ఒప్పుకున్నారు. నిన్న అందర్నీ పిలిచి ఎవరి నివేదిక వాళ్ల చేతికే ఇచ్చేశాను. 'ఇది మీది, మీరు నేర్చుకోవడానికి రాసింది, ఇంకెవరికీ పోదు' అని చెప్పాను. పెద్దాఫీసుకి కూడా అదే రాశాను.

సాయంత్రానికి జవాబొచ్చింది. సోమవారం పదకొండో తారీకు పంజాగుట్ట క్యాంపస్‌లో అదే కమిటీ ముందు హాజరవ్వాలట. ఈసారి నేను. కరుణ ధైర్యంగానే ఉంది. నాకే భయంగా ఉంది. ఈ పని నాకు ప్రాణం అక్కా. ఇది పోతే ఏం చేస్తానో ఆలోచించలేదు. అయినా చేసింది తప్పనిపించడం లేదు.

ఆదివారం సాయంత్రానికి వస్తాను.

నోయెల్


అమీర్‌పేట,
8 ఆగస్టు

నోయెల్,

రా. అన్నం వండి పెడత. కరుణను సుత తీసుకురా, ఒక్కదాన్ని అక్కడ ఉంచకు.

నీ సంగతి ఛాయాదేవికి చెప్పిన. ఆమె పరీక్షల విభాగం మొత్తానికి చెప్పింది. రాజనర్సయ్యకు ఆయన ఇంటికి పోయి చెప్పొచ్చిన. ఆయన కోసం రాసిన కాగితానికి ఇంకా జవాబు రాలే. అయినా వస్త అన్నడు. కేదార్ వస్తడో రాడో తెల్వదు. అడిగితే కాదనలే.

నీకు ఉద్యోగం ఉంటదని నేను చెప్పలేను. వాళ్లు తీసేయాలనుకుంటే తీసేస్తరు. కానీ సోమవారం నాకు క్లాసులు ఉన్నయి, అయినా సెలవు పెట్టిన. నువ్వు లోపల ఉన్నంతసేపు ఆ వరండా బెంచీల మీద మేమందరం కూసుంటం. నాకు లోపలి మాట ఒక్కటి వినపడదు. ఛాయాదేవి విని, నా దిక్కు తిరిగి చెప్తది.

అక్క